ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఈ వేసవిలో ఏ పుస్తకం? గోదావరి జిల్లాల ఇళ్ల కోసం ఒక పోలిక

కాలవలు కట్టేశారంటే మా వైపు వేసవి వచ్చేసినట్టే. ఏప్రిల్‌లో నీళ్లు ఆపితే మళ్లీ జూన్‌లో గానీ వదలరు. పిల్లలకు ఈత ఉండదు. ఎండ ముదిరాక క్రికెట్టూ ఉండదు. ఏప్రిల్ ఆఖరి వారంలో బడి మూస్తే జూన్ రెండో వారం దాకా, అంటే దగ్గర దగ్గర ఏడు వారాలు, పిల్లలు ఇంట్లోనే. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండింటి నుంచి నాలుగున్నర దాకా ఉండే ఆ పూటే అసలు చిక్కు. చేతిలో ఫోనుంటుంది, లేదంటే పుస్తకం ఉంటుంది.

మా పిల్లలకీ, అక్కచెల్లెళ్ల పిల్లలకీ, వీధిలో అడిగినవాళ్లకీ పుస్తకాలు వెతికిపెట్టడం నాకు చాలా ఏళ్ల అలవాటు. మొదట్లో ఒక తప్పు చేశాను. ఏడో తరగతిలో ఉన్న మా అక్క కూతురికి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' ఇచ్చాను. తెలుగులో తొలి నవలల్లో ఒకటి, పైగా మన ధవళేశ్వరంలో మొదలవుతుంది, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. నాలుగో రోజున ఆ పిల్ల పుస్తకం పట్టుకొచ్చి, "పిన్నీ, నేను ఇంకా ఈ పేజీలోనే ఉన్నాను" అంది. మొదటి అధ్యాయం కూడా దాటలేదు. ఆ వేసవంతా మళ్లీ పుస్తకం ముట్టుకోలేదు. గొప్ప పుస్తకమే, కానీ ఆ వయసుకీ ఆ భాషకీ పొత్తు కుదరదు.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే. పిల్లలు ఆఖరి పేజీ దాకా వెళ్లగలిగే పుస్తకమే ఇవ్వాలి. తరగతికి ఒక మెట్టు కింద ఉన్నా ఫరవాలేదు. ఒకటి పూర్తయితే రెండోది వాళ్లే అడుగుతారు.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు మీ పిల్లలు తెలుగు ఎంత ధారగా చదువుతున్నారో చూడండి. మార్కులు చూసి నిర్ణయించొద్దు. ఇప్పుడు సర్కారు బడి పుస్తకాల్లో కూడా ఒక పక్క ఇంగ్లీషు, రెండో పక్క తెలుగు ఉంటున్నాయి. చాలామంది పిల్లలు పరీక్షకు కావలసిన పక్కే చదివి, రెండో పక్క వదిలేస్తారు. తెలుగు గడగడా మాట్లాడే పిల్లలే ఒత్తులూ పొల్లులూ వచ్చిన చోట తడబడతారు. కొనబోయే పుస్తకంలో మధ్యలో ఒక పేజీ తెరిచి పైకి చదివించండి. ఒకటి రెండు చోట్ల ఆగితే ఆ పుస్తకం సరిపోతుంది. ఐదారు చోట్ల ఆగితే మీరు చదివి వినిపించాలి, లేదా ఇంకా తేలికైనది చూడాలి.

ఒక కూర్చోడంలో ఎంత అవుతుందన్నది రెండోది. రోహిణి కార్తె ఎండలో కరెంటు కూడా పోయిందంటే ఎంత చదివే పిల్లలైనా అరగంట కంటే కూర్చోలేరు. అరగంటలో ఒక కథో ఒక అధ్యాయమో ముగియాలి. సగంలో ఆగిన కథ మర్నాటికి చల్లారిపోతుంది.

ఇంట్లో వినేవాళ్లు ఎవరున్నారో కూడా చూడండి. తాతగారో మామ్మగారో ఉంటే కొన్ని పుస్తకాల విలువ రెట్టింపవుతుంది. ఎవరూ లేని ఇంట్లో, అమ్మానాన్నా ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో, పిల్లలు ఒంటరిగా చదువుకోగలిగినదే ఇవ్వాలి.

ధర సంగతి నేను ఆఖరికి చూస్తాను. వీటిలో చాలావరకు గ్రంథాలయంలో దొరికేవే.

ఒక్క చూపులో

| పుస్తకం | ఎవరికి | ఒక పూటకి | ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|
| చందమామ పాత సంచికలు | తడబడుతూ చదివేవాళ్లకి, 6వ తరగతి | ఒకటి రెండు కథలు | పాతకాలపు అభిప్రాయాలు |
| బుడుగు | పైకి చదివే ఇంటికి, ఏ తరగతైనా | ఒక భాగం | కావాలని వంకరగా రాసిన మాటలు |
| రైలుబడి | ఒంటరిగా చదివేవాళ్లకి, 6, 7 తరగతులు | రెండు మూడు అధ్యాయాలు | జపాన్ పేర్లు |
| మహీధర నళినీమోహన్ సైన్సు పుస్తకాలు | కథలంటే విసుగున్నవాళ్లకి | కొన్ని పేజీలు | వెతికి తెచ్చుకోవాలి |
| బారిస్టర్ పార్వతీశం, మొదటి భాగం | ధారగా చదివే 8వ తరగతి | పది, పదిహేను పేజీలు | వందేళ్ల నాటి వాతావరణం |
| శ్రీపాద 'వడ్లగింజలు' | 8వ తరగతి, లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి | కొంచెం కొంచెంగా, మూడు నాలుగు పూటల్లో | నిదానంగా మొదలవుతుంది |
| ఇంగ్లీషు కామిక్స్, కథలు | ఇంగ్లీషు మీడియం పిల్లలకి | ఒక కథ | తెలుగు పక్కకి పోయే ప్రమాదం |

చందమామ

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు గారు సుమారు మూడు దశాబ్దాలు సంపాదకత్వం చూశారు. ఆ చేతి చలవ భాషలో కనిపిస్తుంది. వాక్యం చిన్నది, మాట తేలికది, కథ ఎక్కడా ఆగదు. అందుకే తెలుగు తడబడుతూ చదివే పిల్లలకు నేను మొదట ఇచ్చేది ఇదే. కథ రెండు మూడు పేజీల్లో అయిపోతుంది, పక్కన బొమ్మ ఉంటుంది. ఆరో తరగతి పిల్లవాడు కూడా పది నిమిషాల్లో "అయిపోయింది" అనగలడు. ఆ మాటలో పిల్లలకుండే సంతోషం చూసినవాళ్లకే తెలుస్తుంది.

బేతాళ కథలకి మా ఇంట్లో ఒక పద్ధతుంది. బేతాళుడు ప్రశ్న అడిగిన చోట పుస్తకం మూసేస్తాం. విక్రమార్కుడు ఏం చెబుతాడో ఎవరికి వాళ్లు చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి. అందరూ చెప్పాకే తెరుస్తాం. రాజు జవాబు తప్పని మా చెల్లెలి కొడుకు అన్నం దగ్గర కూడా వాదించేవాడు. ఇంతకంటే మంచి వ్యాకరణం క్లాసు నేను ఎక్కడా చూడలేదు. వాదన గెలవాలంటే వాక్యం సూటిగా కట్టాలి కదా.

కాస్త సాహసం కావాలనే పిల్లలకి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లున్నాయి. తోకచుక్క, మకరదేవత, పాతాళదుర్గం వంటివి. మాంత్రికులూ, అడవులూ, ఉన్నట్టుండి తలుపు తెరుచుకునే గుహలూ. ఫోనులో ఆటకి అలవాటు పడినవాళ్లను లాక్కొచ్చే శక్తి వీటికుంది.

కొత్త సంచికలు రావడం ఆగి పదేళ్లు దాటింది కాబట్టి పాతవే చూసుకోవాలి. కొన్ని కథల్లో ఆడవాళ్ల గురించీ, కులాల గురించీ, నలుపు తెలుపుల గురించీ పాత అభిప్రాయాలు ఉంటాయి. అలాంటి చోట మీరు పక్కన ఉండి "ఇది సరైనదేనా?" అని అడిగితే చాలు, పుస్తకం దాచేయక్కర్లేదు.

బుడుగు

రాసిన ముళ్ళపూడి వెంకటరమణ గారు ధవళేశ్వరంలో పుట్టారు, బొమ్మలు వేసిన బాపు గారు నరసాపురంలో పుట్టారు. గోదావరి ఈ దరి ఒకరు, ఆ దరి ఒకరు. మన పిల్లలకు ఈ పుస్తకం పరాయిది కాదు.

ఇందులో ఒక చిక్కుంది. చిన్నపిల్లాడు తన నోటితో చెబుతున్నట్టు రాశారు కాబట్టి మాటలు కావాలనే పిల్లల ఉచ్చారణలో ఉంటాయి. తెలుగు అక్షరదోషాలు ఇంకా పోని పిల్ల ఒక్కర్తే కూర్చుని కళ్లతో చదివితే ఏది తప్పో ఏది సరదాకో తేలదు. అందుకే దీన్ని పైకి చదివే పుస్తకంగానే ఎంచుకోండి. చెవికి తగిలితేనే దీని రుచి. రాత్రి భోజనాలయ్యాక మేడ మీద మంచాలు వేసుకుని ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినాలి. మా ఇంట్లో తాతగారే బుడుగు. ఆయన 'సీగాన పెసూనాంబ' అనగానే పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు. వారం తిరక్కుండా ఆ పుస్తకం ఆయన చేతిలోంచి లాక్కుని వాళ్లే చదవడం మొదలుపెట్టారు.

ఇంట్లో చదివి వినిపించేవాళ్లు లేకపోతే మాత్రం బుడుగుని ఈ ఏటికి ఆపి, తర్వాత చెప్పేదాన్ని తీసుకోండి.

రైలుబడి

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన 'తొత్తో-చాన్'కి తెలుగు అనువాదం. అల్లరి ఎక్కువైందని ఒక బడి నుంచి పంపించేసిన పాప, పాత రైలుపెట్టెల్లో నడిచే తొమోయె అనే బడికి వెళుతుంది. ఇది కల్పన కాదు, రచయిత్రి చిన్ననాటి సంగతి. 1945లో టోక్యో మీద బాంబులు పడ్డప్పుడు ఆ బడి కాలిపోయింది.

ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఎవరి సాయమూ లేకుండా చదువుకోవడానికి ఈ జాబితాలో నేను మొదట చెప్పేది దీని పేరే. అధ్యాయాలు రెండు మూడు పేజీలవి. ఒక్కో అధ్యాయంలో ఒక్క సంగతి. వాక్యాలు తేలిక. పేర్లు కొత్తగా ఉంటాయి గానీ పది పేజీల్లో అలవాటవుతాయి.

హెడ్మాస్టరు కొబాయాషి గారు పిల్లల క్యారేజీల్లో 'సముద్రం నుంచి కొంచెం, కొండల నుంచి కొంచెం' ఉండాలని తల్లులకు చెబుతారు. ఆ అధ్యాయం చదివిన రోజున మా పిల్లలు వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు తీశారు. రొయ్యల ఇగురు సముద్రం. కొండల నుంచి ఏముంది? చింతపండు కొండల నుంచేనని ఒకరు, కాదని ఒకరు. మామ్మగారు రంపచోడవరం వైపు నుంచి వచ్చిన చింతపండేనని తీర్పు చెప్పాక గానీ గొడవ ఆగలేదు.

చదువు అంటే టెన్షన్ పడే పిల్లలకి, 'నువ్వు చెప్పిన మాట వినవు' అని రోజూ అనిపించుకునే పిల్లలకి ఇది తప్పకుండా ఇవ్వండి. ఆ కొత్త హెడ్మాస్టరు మొదటి రోజున ఆ పాప చెప్పే కబుర్లన్నీ గంటల తరబడి కూర్చుని వింటాడు. ఆ అధ్యాయం పెద్దవాళ్లూ చదవాలి.

కథలు వద్దు అనే పిల్లలకి

ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఫ్యాను విప్పి చూస్తారు, కథ చెబితే లేచిపోతారు. వాళ్లకి మహీధర నళినీమోహన్ గారి పుస్తకాలు. 'నిప్పు కథ', 'గ్రహణాల కథ', 'టెలిఫోన్ కథ' లాంటివి. మన కోనసీమ ముంగండ మహీధర వారి కుటుంబం వారిది. సైన్సుని ఆయన ఇంట్లో మనిషి కబురు చెప్పినట్టు చెబుతారు, చరిత్రా హాస్యమూ కలిపి. కొన్ని విషయాలు పాతబడ్డాయి, టెలిఫోను సంగతి మరీనూ. అయినా ఒక వస్తువు ఎలా పుట్టిందో, మనుషులు ఎన్నిసార్లు తప్పు చేసి నేర్చుకున్నారో చెప్పే తీరు పాతబడలేదు.

జనవిజ్ఞాన వేదిక వారి 'చెకుముకి' పత్రిక ఇంకో దారి. చిన్న చిన్న వ్యాసాలు, ఇంట్లో చేసుకునే ప్రయోగాలు. చదవడం అంటే మొండికేసే పిల్లలకి ముందు పత్రిక, తర్వాత పుస్తకం. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూపించి వస్తే ఇంకా మంచిది. 1852 నాటికి పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట వల్లే మన కాలవల్లోకి నీళ్లొచ్చాయని అక్కడ చూసి తెలుసుకున్నాక, నీటి గురించి ఏ పుస్తకమిచ్చినా చదువుతారు.

ఎనిమిదో తరగతి, ధారగా చదివేవాళ్లు

ఇక్కడ అసలు పోటీ రెండింటి మధ్య.

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయలుదేరతాడు. ఊరు దాటని మనిషికి రైలూ, పట్నమూ, ఓడా ఎలా కనిపిస్తాయో చెబుతూ నవ్విస్తుంది. ఆడవాళ్ల టోపీ అని తెలియక కొనుక్కున్న ఘట్టం ఒక్కటి చాలు, పిల్లలు పుస్తకం వదలరు. రేపు ఇంటరుకి విజయవాడ హాస్టలుకో, ఇంకెక్కడికో వెళ్లాల్సిన పిల్లలకి కొత్త చోట తెల్లబోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదని ఈ పుస్తకం చెప్పినంత బాగా నేను చెప్పలేను. మూడు భాగాలున్నాయి. ఈ వయసుకి మొదటిది చాలు.

రెండోది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'వడ్లగింజలు'. పేద బ్రాహ్మణ యువకుడు పెద్దాపురం మహారాజుతో చదరంగం ఆడి, గెలుపుకి బహుమానంగా వడ్లగింజలు అడుగుతాడు. మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లకీ. శ్రీపాద వారి తెలుగు మన గోదావరి గట్టు మీద మాట్లాడే తెలుగు. సంభాషణలు పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టుంటాయి. మొదలు మాత్రం నిదానం. మొదటి పూట మీరు పక్కన కూర్చోవాలి.

మా అక్క కొడుకు ఈ కథ చదివి ఊరుకోలేదు. చేటలో స్వర్ణ వడ్లు పోసుకుని వెయ్యి గింజలు లెక్కపెట్టి, మూలనున్న కిరాణా కొట్లో కాటా మీద పెట్టాడు. ఇరవై గ్రాములకు కొంచెం అటూ ఇటూ వచ్చింది. నోటుబుక్కులో లెక్క మొదలైంది. పది గళ్లకి కలిపి 1,023 గింజలు, ఒక గుప్పెడు. ఇరవై గళ్లకి 10,48,575, అంటే ఇరవై ఒక్క కిలోలు. ఇరవై రెండు గళ్లకి కలిపి 84 కిలోలు, మన డెబ్బై ఐదు కిలోల బస్తా దాటింది. ముప్పై రెండో గడి, అంటే సగం పలక అయ్యేసరికి పదకొండు వందల బస్తాలు దాటిపోయాయి. "పిన్నీ, మన ఊరంతా కోసినా చాలదు" అన్నాడు. వాళ్ల నాన్న ఎకరానికి ఎన్ని బస్తాలో చెబుతుంటే వాడు మళ్లీ భాగాహారం. లెక్కల ట్యూషనుకి వెళ్లనని ఏడ్చే పిల్లాడే వాడు.

నవ్వుకుంటూ చదవాలంటే పార్వతీశం. ఆలోచిస్తూ, పెద్దవాళ్లతో కలిసి చదవాలంటే వడ్లగింజలు. రెండింటికీ వ్యవధి ఉంటే పార్వతీశం ముందు ఇవ్వండి, చదివే ఊపు వస్తుంది.

వంశీ గారి 'మా పసలపూడి కథలు' ఇవ్వచ్చా అని చాలామంది అడుగుతారు. మన ఊళ్లు, మన తిళ్లు, మన మనుషులు, నిజమే. కానీ అవి పెద్దల కోసం రాసిన కథలు. ముందు మీరు చదివి, పిల్లలకు తగినవి నాలుగైదు ఎంచి వినిపించండి. పుస్తకం మొత్తం చేతికివ్వడానికి ఇంకా రెండు మూడేళ్లు ఆగాలి.

ఇంగ్లీషు పుస్తకాల సంగతి

ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇంగ్లీషులో చదివే అలవాటూ కావాలి, అందులో వాదన లేదు. టింకిల్, అమర్ చిత్ర కథ కామిక్స్‌తో మొదలుపెట్టండి. బొమ్మ అర్థం చెబుతుంది కాబట్టి ప్రతి మాటకీ డిక్షనరీ తియ్యక్కర్లేదు. తర్వాత ఆర్.కె. నారాయణ్ గారి 'స్వామి అండ్ ఫ్రెండ్స్'. 1935 నాటిదైనా బడీ, క్రికెట్టూ, నాన్నంటే భయమూ మన పిల్లలవే. అంతర్జాతీయంగా పేరున్న పెద్ద సిరీస్‌లు కొనేటప్పుడు మాత్రం సెట్టు మొత్తం ఒకేసారి కొనకండి. మొదటిది పూర్తయ్యాక రెండోది.

సెలవులంతా ఇంగ్లీషే చదివిస్తే బడి తెరిచేసరికి తెలుగు ఇంకా వెనకబడుతుంది. మేము రోజు విడిచి రోజు పెట్టుకున్నాం. ఒకరోజు తెలుగు, ఒకరోజు ఇంగ్లీషు. ఇది పిల్లలకీ నచ్చింది.

ఫోనులోనే చదివించాల్సి వస్తే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. చిన్నపిల్లల స్థాయివి ఎక్కువ. తెలుగు అక్షరాల దగ్గరే ఆగిపోతున్న ఆరో తరగతి పిల్లలకి సిగ్గు లేకుండా మొదలుపెట్టడానికి బాగుంటాయి, ఎందుకంటే ఏ స్థాయి చదువుతున్నారో పక్కవాళ్లకి తెలియదు.

ఎక్కడ దొరుకుతాయి

ముందు మీ మండలంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. సెలవుల్లో చాలాచోట్ల పిల్లలకు వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు, ఎప్పుడో అడగండి. రాజమండ్రి దగ్గరవాళ్లకి 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉంది. భీమవరం వైపువాళ్లు కుముదవల్లిలో 1897లో పెట్టిన వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయానికి ఒకసారి తీసుకెళ్లండి. ఒక పల్లెటూరి వాళ్లు అన్నేళ్ల కిందట పుస్తకాల కోసం ఇల్లు కట్టుకున్నారని పిల్లలు చూడాలి. చవకలో సొంతానికి కావాలంటే మంచి పుస్తకం ట్రస్టు వారివీ, నేషనల్ బుక్ ట్రస్టు వారివీ చూడండి. పిల్లల పుస్తకాలు పల్చగా, చేతికందే ధరల్లో ఉంటాయి.

గ్రంథాలయాలు మామూలుగా పొద్దున్నా సాయంత్రమూ తెరిచి మధ్యాహ్నం మూస్తారు. ఎండెక్కకముందే వెళ్లి, పిల్లల్ని లోపలికి తీసుకెళ్లి, మీకు నచ్చిన మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టండి. వాటిలో ఏది ఇంటికి తేవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. మీరు అనుకున్నది కాకపోతే అడ్డు చెప్పకండి, మిగతా రెండింటి పేర్లు రాసుకుని రండి. వచ్చే వారం కూడా వెళ్లాలి కదా.